నాలుగు యూనిట్ల ఆఫీసు

మా బావ ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని పలకరించడు, మీటర్ని పలకరిస్తాడు. మా ఇంటికి వచ్చినా అంతే. గుమ్మం పక్కన ఆగి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, అంకెలు చూసి, "పోయిన నెల కంటే పదకొండు ఎక్కువ కాలింది. ఎవరొచ్చారు మీ ఇంటికి?" అంటాడు. నేను ఒంటరిదాన్ని. ఆ నెల నా స్నేహితురాలు వారం రోజులు ఉండి వెళ్ళిన మాట నిజమే. మా అక్కకే చెప్పని సంగతి ఈయనకెందుకు చెప్పాలి? "దోమలొచ్చాయి బావా, ఫ్యాను వేసుకుని పడుకున్నాయి" అన్నాను. నవ్వలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు.

కరెంటాఫీసులో మీటరు రీడింగు తీసే ఉద్యోగం ఆయనది. ఇరవై తొమ్మిదేళ్ళలో ఊళ్ళో ఆయన ఎక్కని మెట్టు లేదు, తొంగిచూడని గోడ లేదు. క్యాలెండరు వెనక అయస్కాంతం దాచి మీటరు తిరక్కుండా చేసిన ఇస్త్రీ షాపు వాణ్ణీ, మేడ మీద నుంచి దొంగ తీగ లాక్కున్న లాయర్నీ పట్టుకున్నవాడు. దొరికిపోయిన ప్రతివాడూ చెప్పే కబుర్లు విని విని ఆయనకి మనిషి నోటి మీద నమ్మకం పూర్తిగా పోయింది. ఎవరింట్లోనూ టీ తాగడు. ఎండన పడి వచ్చాడు కదా అని మంచినీళ్ళిచ్చినా "ఎందుకిస్తున్నారు?" అని అడుగుతాడు. పరాయి సొమ్ము రూపాయి ముట్టడు. అదొక్కటి మాత్రం నేనూ ఒప్పుకుంటాను.

ఇలాంటి మనిషితో మా అక్క ఇరవై రెండేళ్ళుగా కాపురం చేస్తోంది. దానికి ఎవరైనా ఒక శాలువా కప్పాలి. వాళ్ళకి ఒక్కతే కూతురు. ఇంట్లో అమ్ములు అని పిలుస్తాం. పిల్ల తొమ్మిదో తరగతిలో స్కూలు ఫస్టు వస్తే, వేరే తండ్రయితే వీధంతా చెప్పుకుని తిరిగేవాడు. మా బావ మర్నాడు పొద్దున్నే హెడ్మాస్టరు ముందు కూర్చుని, "మా అమ్మాయికి ఇన్ని మార్కులు రావు. కూడికలో ఎక్కడో తప్పు పోయింది, మళ్ళీ చూడండి" అన్నాడు. మళ్ళీ చూశారు. రెండు మార్కులు పెరిగాయి. "పోనీలే పిన్నీ, రెండు మార్కులు కలిసొచ్చాయి" అని అమ్ములు నాతో నవ్వుతూనే అంది గానీ, ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆ పిల్లకే మెడికల్ సీటు వచ్చింది. సీటు మార్కులతో వచ్చింది గానీ ఫీజు మార్కులతో తీరేది కాదు. ఏడాది ఫీజు బావ ఏడాది జీతం కంటే ఎక్కువ. బ్యాంకువాళ్ళు ఇంటి కాగితాలు అడిగారు. వీళ్ళుండేది అద్దెకి. కాగితాలు లేకపోతే సగమే ఇస్తామన్నారు. అక్క మెడలో గొలుసు తీసి బల్ల మీద పెట్టింది. బావ దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి, "మీ పుట్టింటివాళ్ళు ఇందులో రాగి ఎంత కలిపించారో" అన్నాడు. ఆ పుట్టిల్లు నాది కూడా. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ రోజు నుంచి రెండు నెలలు వాళ్ళింటికి వెళ్ళలేదు.

ఆ రెండు నెలల్లోనే సంఘం సంగతి వచ్చింది. కాలేజీ నోటీసు బోర్డులో కాగితం చూసి అమ్ములే దరఖాస్తు రాసుకుంది. డబ్బు లేని వైద్య విద్యార్థులకి ఫీజు కట్టే సంఘం అది. వడ్డీ లేదు, బాండు లేదు, హామీ లేదు. డబ్బు చేతికివ్వరు, నేరుగా కాలేజీకి కడతారు. ఒకటే మాట: డాక్టరై సంపాదించడం మొదలుపెట్టాక ఇంకొకరి చదువుకి కట్టాలి. ఆ మాట కూడా ఎక్కడా రాసివ్వక్కర్లేదు, నోటితో అంటే చాలు. మొదటి ఏడాది ఫీజు కట్టేశారు. రసీదు వచ్చింది. ఆ రసీదు నిజమైనదా కాదా అని బావ కాలేజీ క్యాషు కౌంటరులో మూడుసార్లు అడిగి, నాలుగోసారి వాళ్ళు కసిరితే ఇంటికి వచ్చాడు.

"రాత లేకుండా ఎవరైనా లక్షలిస్తారా? ఏదో ఉంది. ఇవాళ కాకపోతే రేపు అడుగుతారు" అని ఏడాదంతా కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చున్నాడు.

రెండో ఏడాది మొదట్లో అడిగారు. మార్కుల జాబితాతో పాటు విద్యార్థి రక్తం గ్రూపు రాసి పంపమని సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. గ్రూపు తెలియనివాళ్ళు ఆఫీసుకి రావాలట, అక్కడే చూస్తారట.

బావ ఆ ఉత్తరం పట్టుకుని నా జిరాక్స్ షాపుకి పరుగెత్తుకొచ్చాడు. "చూశావా? రక్తం! ఫీజు కట్టేవాడికి రక్తంతో ఏం పని? ముందు గ్రూపు అడుగుతారు. తర్వాత కిడ్నీ అడుగుతారు."

"అమ్ములు కిడ్నీ అడిగితే నీ నోరు చూపించు బావా, వాళ్ళే పారిపోతారు" అన్నాను. నిజం చెప్పాలంటే నాకూ లోపల గుబులుగానే ఉంది.

ఆ వారమే డ్యూటీ అయ్యాక, సాయంత్రం ఆరింటికి, సంఘం ఆఫీసు వెతుక్కుంటూ వెళ్ళాడు. క్షౌరశాల మీద మొదటి అంతస్తులో ఒక గది. తాళం వేసి ఉంది. మా బావకి తాళంతో పని లేదు. మెట్ల కింద మీటర్ల బోర్డు ఉంది. సంఘం మీటరు ఏదో చూసుకుని అంకె రాసుకున్నాడు. సరిగ్గా నెల తర్వాత మళ్ళీ వెళ్ళి చూశాడు. నెలకి నాలుగు యూనిట్లు.

"ఒక ఫ్యాను, రెండు లైట్లు ఉన్న ఆఫీసు ఎంత పిసినారిగా నడిపినా పాతిక దాటాలి" అన్నాడు నాతో, కేసు గెలిచినవాడిలా. "నాలుగు యూనిట్లంటే అక్కడ మనుషులే కూర్చోవడం లేదు. కింద మంగలిని అడిగాను. ఎవరో ముసలావిడ వస్తుందట. ఆవిడ కోసం చదువుకునే పిల్లలు పైకి వెళ్ళి, వేలికి దూది పెట్టుకుని కిందికి దిగుతారట. దూది! అది ఆఫీసు కాదు. పేరుకి బోర్డు, లోపల రక్తం వ్యాపారం."

మీటరు ఎప్పుడూ ఆయనకి అబద్ధం చెప్పలేదు. ఇరవై తొమ్మిదేళ్ళ అనుభవం. నేను కూడా నమ్మాను. రక్తం అన్న మాట చెవిలో పడ్డాక మనిషి సగం నమ్మేసి ఉంటాడు, మిగతా సగం దూది నమ్మించింది.

ఆ మధ్యాహ్నమే నా షాపులో కూర్చుని, ఆయన చెబుతుంటే నేను టైపు చేశాను. సంఘాల రిజిస్ట్రారు ఆఫీసుకి ఫిర్యాదు. 'సదరు సంఘం బోగస్. పేద విద్యార్థుల రక్తంతో వ్యాపారం చేస్తున్నది. వెంటనే ఖాతాలు ఆపి విచారించగలరు.' కింద పేరు లేదు. 'ఒక శ్రేయోభిలాషి' అని పెట్టించాడు. అచ్చమైన ఆకాశరామన్న ఉత్తరం.

"పేరు పెట్టవా బావా?"

"పెడితే పిల్ల చదువు మీదికి రాదూ?"

"సంఘం మూతబడితే మాత్రం ఫీజెవరు కడతారు?"

"బ్యాంకులో మళ్ళీ అడిగాను. చూస్తామన్నారు. వాళ్ళు కాగితాలడుగుతారు, వడ్డీ అడుగుతారు. అడిగేవాడు కనీసం దొంగ కాదు" అన్నాడు. పేజీకి అయిదు రూపాయలిచ్చి, నేనిచ్చిన చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకుని వెళ్ళాడు.

నెలన్నర తర్వాత ఒకరోజు అమ్ములు హాస్టల్ నుంచి నేరుగా నా షాపుకే వచ్చింది. జుట్టు రేగిపోయి, కళ్ళ కింద నల్లగా ఉంది. బల్ల మీద సంచీ పడేసి, "పిన్నీ, సంఘం ఖాతా ఆపేశారు. ఎవరో పితూరీ రాశారట. పన్నెండు మందిమి ఉన్నాం. ఒక్కరి ఫీజు కూడా కట్టలేదు. ఇరవయ్యో తారీఖులోపు కట్టకపోతే పరీక్ష రాయనివ్వరు" అంది.

అదృష్టమో దురదృష్టమో, బావ కూడా అప్పుడే బ్యాంకు నుంచి వచ్చి షాపులో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. బ్యాంకువాళ్ళు మూడు నెలలు పడుతుందన్నారు. ఆ మాటే చెబుతూ మధ్యలో ఆగిపోయాడు.

అమ్ములు మా ఇద్దరి మొహాలూ చూడలేదు. తన గొడవలో తనుంది. "నా సంగతి సరే పిన్నీ. మాలో ఒక సీనియర్ ఉన్నారు, ఎముకల పీజీ ఆఖరి ఏడాది. ఫీజు ఆలస్యమైందని ఒకసారి సిస్టరమ్మతో గట్టిగా గొడవ పడ్డారు. ఇప్పుడందరూ ఆయనే రాశాడంటున్నారు. రూములోంచి వెళ్ళగొట్టారు. ఎవరూ మాట్లాడటం లేదు. ఆయన పరీక్ష కూడా పోతుంది. నేను కూడా..." అని ఆగింది. "నేను కూడా మాట్లాడటం మానేశాను."

సిస్టరమ్మ అంటే సంఘం నడిపే ఆవిడ. పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. పిల్లలంతా అలాగే పిలుస్తారు.

సంచీలోంచి ఒక కాగితం తీసింది. "విచారణాధికారి నోటీసుతో పాటు ఆ పితూరీ కాపీ కూడా పంపాడు. తలో ఒకటి ఇవ్వమంది సిస్టరమ్మ. మేమంతా జవాబు రాయాలట. పన్నెండు తియ్యి పిన్నీ."

నా మిషను డ్రమ్ము మీద గీత పడి రెండేళ్ళయింది. ప్రింటు తీసినా జిరాక్స్ తీసినా ప్రతి కాగితం కుడి అంచున సన్నటి నల్ల గీత వస్తుంది. మార్చాలంటే బోలెడవుతుందని ఊరుకున్నాను. నాకు ఆ క్షణంలో అది గుర్తు రాలేదు. ఆ పిల్ల మొహం చూడకుండా పని చేసుకుపోవడమే నా ధ్యాస. పన్నెండు కాపీలూ తీసి ఇచ్చాను. అమ్ములు వాటిని బల్ల మీద తట్టి అంచులు సరిచేస్తూ ఆగిపోయింది. పైన ఉన్న కాపీని, తను తెచ్చిన కాగితాన్ని పక్కపక్కన పెట్టి చూసింది. తెచ్చిన కాగితం మీదా ఒక గీత ఉంది, అది వేరే మిషనుదైతే దాని పక్కన ఇంకో గీత పడాలి కదా. పడలేదు. పాత గీత మీదే కొత్త గీత కూర్చుంది.

ఆ పిల్ల చదువుకున్న నోట్సులన్నీ నా షాపులో తీసినవే. ఆ గీతని నాకంటే ఎక్కువసార్లు చూసింది.

"ఎందుకు రాశావు పిన్నీ?" అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

నేను కాదంటే ఎవరు అంటుంది. అవునంటే ఈ జన్మకి నా మొహం చూడదు. బావ వైపు చూడకూడదనుకుంటూనే చూశాను.

"నేను రాయించాను" అన్నాడు బావ, స్టూలు మీద నుంచి లేవకుండా. "మీ పిన్ని టైపు కొట్టింది, అంతే."

అమ్ములు ఏడవలేదు, అరవలేదు. కాపీలన్నీ సంచీలో పెట్టుకుంది. "రేపు పొద్దున సిస్టరమ్మ ఉంటుంది. వస్తే రా నాన్నా, లేకపోతే లేదు" అని వెళ్ళిపోయింది. నేను బావని ఎన్ని మాటలన్నానో నాకే గుర్తు లేదు. తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. నన్ను నేను తిట్టుకోవాల్సినవి కూడా ఆయనకే తగిలించానని తర్వాత తెలిసింది.

మర్నాడు ముగ్గురం వెళ్ళాం. మెట్ల దగ్గర బావ బోర్డు వైపు తల తిప్పకుండా పైకి ఎక్కాడు. చిన్న గది. బల్ల మీద, కుర్చీల మీద, కింద చాప మీద, ఎక్కడ చూసినా కాగితాలే. మందు సీసాలు బరువు పెట్టి ఉన్నాయి. కిటికీ పక్కన పొట్టిగా, గట్టిగా ఉన్న ఒక ముసలావిడ. అమ్ములు "మా నాన్నగారు, మా పిన్ని" అని చెప్పింది. ముగ్గురొచ్చారు కదా అని ఆవిడ మర్యాద కొద్దీ లేచి ఫ్యాను వేసింది. అంతే, గదిలో గాలివాన వచ్చినట్టయింది. సీసాలు దొర్లాయి. కాగితాలన్నీ లేచిపోయాయి.

"చూశారా! అందుకే ఈ పాడు ఫ్యాను వెయ్యను" అని ఆవిడ స్విచ్చు కట్టేసి తిట్టుకుంది. "పగలు కిటికీ చాలు. చీకటి పడేలోపు ఇంటికి పోతాను, నాకు రాత్రిళ్ళు కన్ను ఆనదు."

మా బావ మోకాళ్ళ మీద కూర్చుని కాగితాలు ఏరుతున్నాడు. అన్నీ ఉత్తరాలు. ఎవరో డాక్టర్లు రాసినవి. ఈ ఏడాది ఇద్దరికి కడతానని ఒకరు, అమ్మాయిలైతే హాస్టల్ కూడా నేనే చూసుకుంటానని ఒకరు. అలవాటు కొద్దీ ఒకటి చదవబోయాడు. రెండు పంక్తులు చదివి మడిచేశాడు. చేతిలో ఆ కట్టతో అక్కడే నేల మీద కూర్చుండిపోయి, "ఆ పితూరీ నేను రాశానండీ" అన్నాడు.

సిస్టరమ్మ ఆయన చేతిలోని కట్ట తీసుకుని బల్ల మీద పెట్టింది. తర్వాత, "రక్తం గ్రూపు గురించా?" అంది. "ముప్పై నాలుగేళ్ళు ఆసుపత్రిలో చేశాను. సమయానికి రక్తం దొరక్క నా చేతుల్లో పోయినవాళ్ళున్నారు. ఈ పిల్లల్లో ఒకరికి అవసరమొస్తే ఇంకొకరు పరుగెత్తాలని జాబితా పెట్టుకున్నాను. తెలియనివాళ్ళకి నేనే వేలు పొడిచి చూస్తాను. ఇంతే నా వ్యాపారం." దొర్లిన సీసా ఒకటి తీసి నిలబెట్టింది. "మీ మీద కాదు నా కోపం. నేనూ ఆ పీజీ పిల్లాడే రాశాడనుకున్నాను. నిన్న వాడు మెట్లెక్కి వస్తే తలుపు తియ్యలేదు. మీరు పెట్టిన నిప్పే, నేనూ నాలుగు పుల్లలు వేశాను."

"ఏం చెయ్యమంటారు?" అన్నాడు బావ.

"నాకు చెప్పి ఏం లాభం? రాసిన చోట చెప్పండి. పేరు పెట్టి, సంతకం పెట్టి."

అటునుంచి అటే ముగ్గురం వెళ్ళిన రిజిస్ట్రారు ఆఫీసులో విచారణాధికారి గది ఫైళ్ళ బీరువాల మధ్య ఉంది. సన్నటి మనిషి, చెవి మీద పెన్ను. బావ చెప్పిందంతా కుర్చీలో వెనక్కి వాలి విన్నాడు. ఏం ఉద్యోగమని అడిగాడు. బావ చెప్పాడు.

"ప్రభుత్వోద్యోగి తప్పుడు ఫిర్యాదు చేశానని రాసిస్తే మీ ఆఫీసుకి కాపీ పోతుంది. తెలుసా?"

"తెలుసు సార్."

"రిటైర్మెంటు ఎప్పుడు?"

"పద్నాలుగు నెలలుంది."

అధికారి పెన్ను తీసి బల్ల మీద పెట్టాడు. బావ వైపు వంగి, తాపీగా, "ఎంతిచ్చారు?" అన్నాడు.

"ఎవరు సార్?"

"ఆ ముసలావిడ. మీ అమ్మాయి వాళ్ళ డబ్బుతోనే చదువుతోంది కదా. ఫీజు ఆగేసరికి నిజం తెలిసొచ్చిందా? పదహారేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నాను. వెనక్కి తీసుకునే ప్రతివాడి వెనక ఒక లెక్క ఉంటుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. మండుతూనే, ఈ మాటలు, ఈ చూపు, నాకు బాగా తెలిసినవేనని కూడా అనిపించింది. బల్లకి అటొక బావ, ఇటొక బావ కూర్చున్నారు.

"మీ కుర్చీలో నేనున్నా ఇదే అడుగుతాను సార్" అన్నాడు మా బావ.

"మరి ఏం సాక్ష్యం చూసి నమ్మారు?"

"ఫ్యాను వేస్తే కాగితాలెగిరాయి సార్. ఆవిడ చెప్పింది. నమ్మాను."

అధికారి నవ్వాడు. "అంతేనా?"

"అంతే సార్. చూపించడానికి ఇంకేం లేదు."

అధికారి ఫైలు మూసి తాడు కట్టబోయాడు. ఆ తాడు ముడి పడితే పన్నెండు మంది ఏడాది పోయినట్టే. ఇరవయ్యో తారీఖుకి ఇక పదకొండు రోజులుంది. నేనేదో అనబోయాను. అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడ్డ అమ్ములు ముందుకొచ్చింది.

"సార్, మా నాన్నగారు ఎవర్నీ నమ్మరండీ. మా అమ్మని నమ్మరు. నన్ను కూడా నమ్మరు. నన్ను ఒక్కసారైనా నమ్ముతారేమోనని పంతొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను. ఇవాళ ఎవరో పైమనిషిని నమ్మానంటున్నారు. అది అబద్ధమైతే ఆయనకి చెప్పడం రాదండీ. రాసుకోండి."

అధికారి తాడు వదిలేసి బావ మొహంలోకి చూశాడు. బావ కూతురి వైపు తిరగలేకపోయాడు. జేబులోని చిన్న పుస్తకం మీదికి చెయ్యి పోయి, తియ్యకుండానే కిందికి దిగింది. ఇన్నేళ్ళ నా కోపం ఎటు పోయిందో తెలియదు, ఆ మనిషి మీద నాకు జాలి ముంచుకొచ్చింది.

బావ రాసిచ్చిన కాగితంతో తొమ్మిదో రోజున ఖాతా వదిలారు. పన్నెండు మంది ఫీజులూ కట్టారు. బావకి జీతంలో కోత పడి, ఆ కోతతోనే పెన్షన్ లెక్క తేలింది. నింద పడ్డ ఆ ఎముకల పీజీ కుర్రాడి కొత్త గది ముందు ఆయన ఒక పూటంతా నిలబడి వచ్చాడు. తలుపు తీశారో లేదో నాకు చెప్పలేదు. అవన్నీ తర్వాతి సంగతులు. ఆ గదిలో మాత్రం అధికారి తెల్లకాగితం ముందుకు జరిపి, "మొదటి నుంచి చెప్పండి" అన్నాడు. బావ చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంది. అమ్ములు దాన్ని చూసింది, వచ్చి నా వెనక నిలబడింది.